మెషీనుకి రాసినంత వివరంగా మనిషికెందుకు రాయలేదు?

ఈ మధ్య సాఫ్టువేరు ఆఫీసుల్లో ఓ తమాషా జరుగుతోంది, గమనించారో లేదో. ఇన్నేళ్ళూ "డాక్యుమెంటేషనా? ముందు రిలీజు అవనీ, తర్వాత చూద్దాం" అన్నవాళ్ళే ఇప్పుడు కుదురుగా కూర్చుని రాస్తున్నారు. బిల్డు ఎలా చెయ్యాలి, టెస్టులు ఏ కమాండుతో నడపాలి, ఏ ఫోల్డరు జోలికి పోకూడదు, ఏ సర్వరు మీద ఏం చెయ్యకూడదు... అన్నీ పూసగుచ్చినట్టు రాస్తున్నారు. ఎవరికోసం? నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చి చేరిన పిల్లల కోసమైతే కాదు. ఏఐ ఏజెంట్ల కోసం!

మంచిదే. ఎవరికోసం రాసినా రాయడమే మహాభాగ్యం. కానీ ఈ వ్యవహారంలో నాకొకటి గుచ్చుకుంటోంది. అదేంటో చెప్తాను. దానికన్నా ముందు, ఈ రాసేదేంటో, ఎలా రాస్తే పనికొస్తుందో కాస్త మాట్లాడుకోవాలి.

లాంగ్వేజి మోడలు తనంతట తాను మాటలు చెప్పగలదే గానీ పనులు చెయ్యలేదు. పని చెయ్యాలంటే దాని చేతికి టూళ్ళు ఇవ్వాలి. 2023 జూన్లో ఓపెన్ఏఐ తన ఏపీఐలో ఫంక్షన్ కాలింగ్ పెట్టింది. 2024 నవంబర్లో ఆంత్రోపిక్ వాళ్ళు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ విడుదల చేశారు, మనందరం ఎంసీపీ అంటున్నది దాన్నే. 2025 నుంచి ఏజెంట్స్ డాట్ ఎండీ అనే ఫైలు రిపోజిటరీల్లో కనపడ్డం మొదలైంది. పద్ధతులు వేరైనా మూలసూత్రం ఒకటే. టూలు గురించి మోడలుకి మనం ఇచ్చేది మూడు విషయాలు: ఒక పేరు, నాలుగు ముక్కల వివరణ, ఏ ఏ విలువలు ఇవ్వాలో చెప్పే పట్టిక. కోడింగు ఏజెంటయితే అవసరమైనప్పుడు సోర్సు తెరిచి చదువుకుంటుంది. కానీ టూలు ఎక్కడో వేరే సర్వరు మీద నడుస్తుంటే దానికి ఆ మూడే గతి. ఏ టూలు వాడాలో, ఎప్పుడు వాడాలో, ఏ విలువలు పంపాలో వాటిని బట్టే తేల్చుకోవాలి.

ఇక్కడే మనకీ దానికీ పెద్ద తేడా ఉంది. మనకి అర్థం కాకపోతే పక్క సీటు వైపు కుర్చీ తిప్పి "అన్నా, ఈ జాబ్ రన్ చేస్తే ఏమన్నా అవుతుందా?" అని అడుగుతాం. ఆ అన్న తల కూడా ఎత్తకుండా "సోమవారం మాత్రం చెయ్యకు" అంటాడు. ఎందుకని మనం అడగం, ఆయన చెప్పడు. పని మాత్రం జరిగిపోతుంది. మన ఆఫీసులు నిజానికి నడుస్తున్నది ఈ నోటి మాటల మీదే. టీ కొట్టు దగ్గరా, క్యాబ్ లోనూ, ఎవరో రాజీనామా చేసి నోటీసు పీరియడ్లో ఉన్నప్పుడు హడావిడిగా పెట్టే కేటీ సెషన్లలోనూ చేతులు మారే సమాచారం ఇది. ఏజెంటుకి టీ కొట్టు లేదు. ప్రతి పనికీ అది మొదటిరోజు ఉద్యోగిలాగే వచ్చి కూర్చుంటుంది. కిందటి వారం ఏం జరిగిందో ఎవరైనా రాసి దాని ముందు పెడితే తప్ప దానికి తెలీదు.

ఇప్పుడు నాకు గుచ్చుకుంటున్న సంగతి. ఏ కంపెనీ, ఏ క్లయింటు అన్నది వదిలెయ్యండి. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఓ పాత టూలు ఉండేది. రెండు డేటాబేసుల్లో ఉన్న కస్టమర్ల వివరాలు సరిపోయేలా చూడ్డం దాని పని. పేరు "సింక్ కస్టమర్స్". దాని వివరణ "కస్టమర్లను సింక్ చేస్తుంది". ఇంకేం కావాలి! దానికి "మోడ్" అని ఒక పారామీటరు. రెండు విలువలు, "డెల్టా", "ఫుల్". డెల్టా అంటే మారిన రికార్డులు మాత్రమే. ఫుల్ అంటే అవతలి టేబుల్ని మొత్తం ఖాళీ చేసి మొదటినుంచీ నింపడం. అలా చేస్తే టెస్టర్లు చేత్తో పెట్టుకున్న డేటా అంతా పోతుంది. ఈ ముక్క ఎక్కడ రాసుంది? ఎక్కడా లేదు. "అందరికీ తెలుసు", అంతే.

నేను చేరిన కొన్నాళ్ళకి ఒక ఫ్రెషర్ అమ్మాయి చేరింది. రెండు చోట్లా లెక్కలు తేడాగా వస్తుంటే సరిచెయ్యమని చెప్పారు. ఫుల్ అంటే "పూర్తిగా" అనే కదా ఎవరైనా అనుకునేది. ఆ అమ్మాయీ అలాగే అనుకుని నడిపింది. టెస్టర్లు వారం రోజులు కష్టపడి తయారుచేసుకున్నదంతా గోవిందా. మర్నాడు తయారైన రిపోర్టులో మూలకారణం దగ్గర "మానవ తప్పిదం" అని ఉంది. పరిష్కారం దగ్గర "టీముకి అవగాహన కల్పించడమైనది". ఆ ఏడాది అప్రైజల్లో కూడా ఆ సంగతి ఆ అమ్మాయి పేరు పక్కన కనపడింది. టూలు వివరణ మాత్రం అలాగే ఉంది, "కస్టమర్లను సింక్ చేస్తుంది" అని.

కొన్నేళ్ళు గడిచాయి. అదే టూల్ని ఏజెంటు చేతికిచ్చారు. ఎవరో లెక్కల్లో తేడా సరిచెయ్యమన్నారు. అది కూడా సరిగ్గా అలాగే ఆలోచించింది: తేడా పూర్తిగా పోవాలంటే ఫుల్. నడిపింది. మళ్ళీ టెస్టర్ల డేటా గోవిందా. ఈసారి రిపోర్టులో మూలకారణం ఏమని రాశారో తెలుసా? "టూలు వివరణ అసంపూర్ణంగా ఉంది". పరిష్కారం, "వివరణ తిరగరాసి, టేబుల్ని ఖాళీ చేసే ముందు నిర్ధారణ అడిగేలా మార్చాలి".

అదే టూలు. అదే పదం. అదే పొరపాటు. మనిషి చేస్తే మనిషి తప్పు, మెషీను చేస్తే కాగితం తప్పు! ఎందుకిలా అంటే, మెషీన్ని తిట్టి లాభం లేదు. దానికి సిగ్గు లేదు, అప్రైజల్ లేదు. తిట్టడానికి ఎవరూ దొరకనప్పుడు గానీ అసలు లోపం ఎక్కడుందో మన కళ్ళకి ఆనలేదు. రెండో రిపోర్టు రాసినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, అందులో రాసింది నూటికి నూరుపాళ్ళూ నిజం. మొదటిసారే ఆ నిజం రాసి ఉంటే రెండోసారి జరిగేదే కాదు, ఒక పిల్ల మీద మచ్చా పడేది కాదు.

సరే, తిరగరాసిన వివరణ ఎలా ఉందో చెప్తాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఇక్కడ నా మాటల్లో పెడుతున్నాను:

"బిల్లింగు డేటాబేసులోని కస్టమర్ల వివరాలను రిపోర్టింగు డేటాబేసులోకి పంపుతుంది. ఒకవైపే పంపుతుంది, అటునుంచి ఇటు ఏమీ రాదు. డెల్టా మోడు: కిందటిసారి తర్వాత మారిన రికార్డులే పంపుతుంది, ఎన్నిసార్లు నడిపినా నష్టం లేదు, మామూలుగా ఇదే వాడాలి. రీబిల్డు మోడు: రిపోర్టింగు వైపు టేబుల్ని మొత్తం ఖాళీ చేసి మళ్ళీ నింపుతుంది. అక్కడ చేత్తో చేర్చిన రికార్డులు పోతాయి, వెనక్కి రావు. టేబులు నిర్మాణం మారినప్పుడు తప్ప వాడొద్దు. లెక్కల్లో తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి ఈ టూలు కాదు, కంపేర్ కస్టమర్స్ అనే టూలు వాడాలి, అది చదవడమే గానీ దేన్నీ మార్చదు."

చూశారా, పది లైన్లు కూడా లేదు. రాయడానికి అరగంట పట్టిందేమో. ఇందులో ఏజెంటుకి మాత్రమే పనికొచ్చే వాక్యం ఒక్కటి చూపించండి! ప్రతి ముక్కా మనిషికి కూడా కావలసిందే. "ఫుల్" అన్న పేరు తీసేసి "రీబిల్డు" అని మార్చారు, సగం ప్రమాదం అక్కడే పోయింది. ఎప్పుడు వాడాలో రాశారు. అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు వాడకూడదో రాశారు, అప్పుడు బదులుగా ఏం వాడాలో కూడా రాశారు. మనం రాసే డాక్యుమెంట్లలో ఎక్కువగా కనపడనిది ఈ "వాడకూడదు" అన్న భాగమే. టూలు రాసినవాడికి తన టూలు అన్నిటికీ పనికొస్తుందనే అనిపిస్తుంది మరి, కాకిపిల్ల కాకికి ముద్దు.

రెండో సంగతి కొలతలు. మన ఇళ్ళలో వంట చెప్పేటప్పుడు "ఉప్పు తగినంత, కారం చూసి వేసుకో" అంటారు. పక్కనే నిలబడి చూసి నేర్చుకున్నవాళ్ళకి అది చాలు. డాలస్ లో కొత్తగా వంట మొదలుపెట్టి ఫోన్లో అడిగే కొడుక్కి చాలదు. వాడికి గ్రాముల్లో చెప్పాలి. అయితే అమ్మ "ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు" అంటే మాత్రం వాడి గ్లాసు ఏదైనా పర్లేదు, ఎందుకంటే అది నిష్పత్తి. ఎక్కడ కొలత అవసరమో, ఎక్కడ అక్కర్లేదో తెలిసి చెప్పడమే డాక్యుమెంటేషను.

మన ప్రపంచంలో ఈ "తగినంత"లు బోలెడు. "అమౌంట్" అని ఒక పారామీటరు ఉంటుంది. రూపాయలా, పైసలా? రేజర్‌పే ఏపీఐలో అమౌంట్ పైసల్లో ఇవ్వాలి, అంటే 500 రూపాయలకి 50000 అని పంపాలి. వాళ్ళ డాక్యుమెంట్లలో ఆ సంగతి స్పష్టంగా ఉంటుంది. కానీ మనం దాని మీద ఓ సొంత టూలు కట్టి, "అమౌంట్: చెల్లించాల్సిన మొత్తం" అని రాసి వదిలేశామనుకోండి. వాడేవాడు మనిషైనా మెషీనైనా 500 అని పంపితే ఐదు రూపాయలవుతుంది. రూపాయలు అనుకుని కట్టిన ఇంకో టూలుకి పైసలు పంపితే వందరెట్లవుతుంది. తేదీలూ అంతే. 03-04-2026 అంటే మనకి ఏప్రిల్ మూడు, అమెరికా క్లయింటుకి మార్చి నాలుగు. పన్నెండో తారీఖు దాటితే తప్పు వెంటనే బయటపడుతుంది, పన్నెండు లోపైతే చడీచప్పుడు లేకుండా తప్పు రోజుకి రిపోర్టు వచ్చేస్తుంది. "రాత్రి 10 తర్వాత నడుస్తుంది" అని రాస్తే ఎవరి రాత్రి? హైదరాబాదుదా, యూటీసీదా? మధ్యలో ఐదున్నర గంటలుంది. "సంవత్సరం-నెల-రోజు వరుసలో, యూటీసీలో, ఉదాహరణకి 2026-04-03" అని రాయడానికి ఎంతసేపు?

మూడోది, టూలు తిరిగి ఏం చెప్తుంది అన్నది. గ్రెప్ తెలుసుగా. వెతికింది దొరికితే ఎగ్జిట్ కోడ్ 0, దొరక్కపోతే 1, నిజంగా ఏదైనా తేడా కొడితే 2. దొరకలేదు అన్నదానికీ, వెతకడమే కుదరలేదు అన్నదానికీ ఎంత తేడా ఉందో చూడండి. ఇది మాన్యువల్లో రాసుంది. మన సొంత టూళ్ళు రెండు సందర్భాల్లోనూ ఖాళీ జాబితా ఒకటి వెనక్కిచ్చి ఊరుకుంటాయి. నెట్వర్కు తెగినా ఖాళీయే, కస్టమరు లేకపోయినా ఖాళీయే. మనిషైతే అనుమానించి మళ్ళీ చూస్తాడేమో. ఏజెంటు మాత్రం "అలాంటి కస్టమరు లేరు" అని ధీమాగా చెప్పి ముందుకెళ్ళిపోయే ప్రమాదముంది, ఇంకా ఉత్సాహం ఎక్కువైతే కొత్త కస్టమర్ని సృష్టిస్తుంది కూడా.

ఎర్రర్ మెసేజీలు కూడా డాక్యుమెంటేషనే అని మనం ఒప్పుకోం గానీ, అసలైన డాక్యుమెంటేషను అవే. అందరూ చదివేది అవి ఒక్కటే కదా! "ఏదో పొరపాటు జరిగింది, అడ్మినిస్ట్రేటరుని సంప్రదించండి" అని వస్తుంది. ఆ అడ్మినిస్ట్రేటరు ఎవరో ఎవరికీ తెలీదు, కంపెనీ మారి రెండేళ్ళయ్యుంటుంది. దానికి బదులు "ప్రారంభ తేదీ ముగింపు తేదీ కన్నా తర్వాత ఉంది, రెండూ సరిచూసి మళ్ళీ పంపండి" అని ఉంటే ఏజెంటు తనే దిద్దుకుంటుంది. మనమూ దిద్దుకుంటాం. రాత్రి పదకొండింటికి ఇంకొకళ్ళ నిద్ర చెడగొట్టే పని తప్పుతుంది.

నాలుగోది, టూలు వల్ల ఏం మారుతుంది అన్నది. ఎంసీపీలో 2025 మార్చి నాటి వెర్షన్ నుంచి దీనికి కొన్ని గుర్తులు పెట్టారు. ఇది చదవడమేనా, నష్టం చెయ్యగలదా, రెండుసార్లు పిలిస్తే ఒకసారి పిలిచినట్టే ఉంటుందా, బయటి ప్రపంచంతో మాట్లాడుతుందా అని నాలుగు ప్రశ్నలకి జవాబులు. ఇందులో నాకు నచ్చింది, ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఆ టూలు నష్టం చెయ్యగలదనే అనుకోమంటుంది ఆ ప్రమాణం. మౌనాన్ని అంగీకారంగా కాకుండా ప్రమాదంగా చూడమని అర్థం. టూలు రాసే ప్రతివాడూ ఈ నాలుగు ప్రశ్నలూ వేసుకోవాలి. ముఖ్యంగా మూడోది. మధ్యలో టైమవుట్ అయితే మళ్ళీ నడపొచ్చా? కస్టమరుకి రెండు బిల్లులు వెళ్తాయా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు లేక ఆన్ కాల్ లో ఎన్ని రాత్రులు ఎన్ని చాట్ గ్రూపుల్లో కొట్టుకున్నామో మనకే తెలుసు.

ఇంత చెప్పాను కదా అని మహాభారతం రాయమని కాదు. టూళ్ళ వివరణలన్నీ మోడలు కాంటెక్స్టులో చోటు తింటాయి. యాభై టూళ్ళకి ఒక్కోదానికి రెండు పేజీలు రాస్తే అసలు పనికి చోటు తగ్గుతుంది, ఖర్చూ పెరుగుతుంది, ముఖ్యమైన వాక్యం చెత్తలో కలిసిపోతుంది. మనుషులకీ అంతే, ఎనభై పేజీల డాక్యుమెంటు ఎవడూ చదవడు. సర్వరు పేరు మార్చిన చరిత్రా, మీటింగుల్లో జరిగిన వాదనలూ అక్కడ అక్కర్లేదు. చదివినవాడి నిర్ణయాన్ని మార్చని వాక్యం తీసెయ్యొచ్చు.

ఇంకో మాట. మూడు పేరాలు హెచ్చరికలు రాయాల్సి వస్తోందంటే లోపం డాక్యుమెంటులో లేదు, టూల్లోనే ఉంది. ఆర్‌సింక్ చూడండి. సోర్సు ఫోల్డరు పేరు చివర గీత పెడితే ఫోల్డరు లోపలివి మాత్రమే కాపీ అవుతాయి, పెట్టకపోతే ఫోల్డరుతో సహా వెళ్తుంది. మాన్యువల్లో చక్కగా రాసుంది, అయినా ఆ గీత దగ్గర తడబడనివాళ్ళు అరుదు. దానికి డిలీట్ ఫ్లాగు కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ముందు డ్రై రన్ చేసి చూడమంటారు పెద్దలు. 2024 డిసెంబర్లో ఆంత్రోపిక్ ఇంజనీర్లు ఏజెంట్ల గురించి రాసిన వ్యాసంలో ఇలాంటిదే ఒక ఉదాహరణ ఉంది. వాళ్ళ కోడింగు ఏజెంటు ఒక ఫోల్డర్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళాక ఫైలు పాత్ లు తప్పుగా ఇచ్చేది. వాళ్ళు రూట్ నుంచి మొదలయ్యే పూర్తి పాతే ఇవ్వాలని టూలునే మార్చేశారు, ఆ తప్పు పోయింది. మొత్తం ప్రాంప్టు మీద కన్నా టూళ్ళు బాగుచెయ్యడానికే ఎక్కువ సమయం పెట్టామని కూడా రాశారు. తప్పు చెయ్యొద్దని చెప్పడం కన్నా తప్పు చెయ్యడానికి వీల్లేకుండా కట్టడం ఎప్పుడూ మేలే.

అలాగని రాసిపెడితే చాలు, అంతా భద్రం అనుకుంటే పొరపాటే. కాగితం తాళం కాదు. 2025 జులైలో రెప్లిట్ లో ఏం జరిగిందో చదివే ఉంటారు. జేసన్ లెమ్కిన్ అనే వ్యాపారవేత్త అక్కడ ఏజెంటుతో ఓ అప్లికేషను కడుతున్నాడు. మార్పులు చెయ్యొద్దని స్పష్టంగా చెప్పినా అది ప్రొడక్షన్ డేటాబేసుని చెరిపేసిందని బయటపెట్టాడు. కంపెనీ అధిపతి అది జరగకూడనిదని ఒప్పుకుని, డెవలప్‌మెంటు, ప్రొడక్షన్ డేటాబేసులు వేరుచేసే ఏర్పాటు ప్రకటించాడు. సూచన ఉంది, కానీ తలుపు కూడా తీసే ఉంది! చెరిపే అధికారమే లేని అకౌంటు ఇచ్చి ఉంటే ఏ సూచనా అక్కర్లేకపోను. ఇంకో ప్రమాదం, ఈ వివరణల్ని మోడలు నమ్ముతుంది కాబట్టి, ఎవరో అపరిచితుడు ఇచ్చిన టూలు వివరణలో దొంగ ఆదేశాలు దాచిపెట్టొచ్చని ఇన్వేరియంట్ ల్యాబ్స్ వాళ్ళు 2025 ఏప్రిల్లో చూపించారు. కాబట్టి రాయడం ఒక పని, అధికారాలు తగ్గించడం ఇంకో పని. ఒకటి చేసి రెండోది మానెయ్యకూడదు.

ఇక మనలో మనం గట్టిగా మాట్లాడుకోని విషయానికొద్దాం. "అన్నీ రాసిచ్చేస్తే ఇంక మనతో పనేముంటుంది?" ఈ ప్రశ్న ప్రతి టీములోనూ ఉంది, పైకి అనరంతే. ఆ పాత జాబ్ సోమవారం ఎందుకు నడపకూడదో ఒక్కడికే తెలుసు, కాబట్టి ఆ ఒక్కడి కుర్చీ పదిలం. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు రెండు శాతం, అంటే పన్నెండు వేలమందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. ఏఐ వల్ల కాదనీ, నైపుణ్యాలకీ అవసరాలకీ పొంతన లేకపోవడమేననీ కంపెనీ వివరణ ఇచ్చింది. కారణం ఏదైతేనేం, ఈఎంఐలు కట్టేవాళ్ళకి ఆ వార్త చదివిన రాత్రి నిద్ర పట్టి ఉండదు. కాబట్టి ఈ భయం పిరికితనం అని నేననను. రాసిన ప్రతి లైనూ నా అవసరాన్ని కొంచెం తగ్గిస్తుందేమో అని నాకూ అనిపించిన రోజులున్నాయి.

కానీ కాస్త నిదానంగా ఆలోచిస్తే, గొయ్యి ఎక్కడుందో నాకొక్కడికే తెలియడం నైపుణ్యం ఎలా అవుతుంది? ఆ గొయ్యి పూడ్చడం నైపుణ్యం, కనీసం పక్కన బోర్డు పెట్టడం బాధ్యత. దాచుకున్న రహస్యం మీద నిలబడ్డ ఉద్యోగం ఆ సిస్టం ఉన్నంతకాలమే. క్లయింటు రేపు మైగ్రేషన్ అన్నాడంటే రహస్యం విలువ సున్నా. పైగా ఆ రహస్యానికి అసలు ధర కట్టేది మేనేజరు కాదు, కంపెనీ కాదు. తెలియక అడుగేసి పడిపోయే కొత్తవాళ్ళు. ఇన్నాళ్ళూ మన కుర్చీ కాపాడుకోడానికి వాళ్ళ మొదటి ఏడాదిని పణం పెట్టాం. ఇక రాయాల్సినదాన్ని స్పష్టంగా రాయడం, టూలు ఎక్కడ విరుగుతుందో ముందే ఊహించడం, ఏది అడగాలో ఏది అడక్కూడదో తేల్చడం, ఇవి మాత్రం ఎన్ని సిస్టములు మారినా పనికొచ్చే విద్యలు.

1971 నవంబర్ 3 తేదీతో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్ కి మొదటి ప్రోగ్రామర్స్ మాన్యువల్ తెచ్చారు. ఒక్కో కమాండుకీ పేరు, ఎలా పిలవాలి, ఏం చేస్తుంది అన్నవి ఉంటాయి. వాటితోపాటు "బగ్స్" అనే శీర్షిక, "ఓనర్" అనే శీర్షిక కూడా ఉంటాయి. అంటే ఇందులో లోపం ఇదీ, దీనికి బాధ్యుణ్ణి నేనూ అని టూలు రాసినవాళ్ళే అచ్చులో చెప్పుకున్నారన్నమాట. మన దగ్గర తెలిసిన లోపాన్ని రాస్తే క్లయింటు ఏమంటాడో, ఆడిట్లో ఏమొస్తుందో అని దాస్తాం. యాభై ఏళ్ళు దాటాక ఇప్పుడు ఏజెంట్ల పుణ్యమా అని మళ్ళీ అక్కడికే వస్తున్నాం. పేరు, వాడుక, పరిమితి, ప్రమాదం. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఎగ్గొట్టిన పాత హోంవర్కు ఇప్పుడు చేస్తున్నాం.

కాబట్టి నేననేది ఇంతే. ఏజెంట్ల కోసం రాస్తున్నారా, రాయండి. రాశాక ఏజెంటుకి ఇచ్చే ముందు టీములో అందరికన్నా కొత్తగా చేరినవాళ్ళకివ్వండి. పక్కన కూర్చోకండి, నోటితో ఏమీ చెప్పకండి. ఆ కాగితం ఒక్కటే చూసి టెస్ట్ సర్వరు మీద పని చెయ్యమనండి. వాళ్ళు ఎక్కడ ఆగి మీ వైపు చూస్తారో అక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట. అది చేర్చండి. ఆ ఫైలుని మెషీన్లు మాత్రమే చూసే మూల దాచకుండా మనుషులు వెతికే చోట కూడా పెట్టండి. కింద మీ పేరు రాయండి. రేపు ఎవరైనా ఆ టూలు నడిపి ఏదైనా పాడైతే, ఎవరు నడిపారు అని అడిగేముందు ఏం రాసుంది అని అడగండి. మెషీనుకి ఇచ్చిన ఆ మర్యాద మనిషికీ ఇద్దాం. అంతకన్నా పెద్ద కోరికేం కాదు కదా, ఏమంటారు?